గుర్తుండటం వేరు, భయపడటం వేరు

నమస్కారం. వెనక వరసలకి వినిపిస్తోందా? సరే.

ఒక గుండుసూదితో మొదలుపెడతాను. వందేళ్ళ క్రితం జెనీవాలో ఎడ్వార్ క్లాపరేద్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన చూసే రోగుల్లో ఒకావిడకి కొత్త విషయం ఏదీ గుర్తుండేది కాదు. రోజూ వచ్చే డాక్టరునే రోజూ కొత్తమనిషిలా చూసేది. పాత సంగతులు చెప్పేది, లెక్కలు చేసేది, మర్యాదగా మాట్లాడేది. కాసేపటి కిందట ఏం జరిగిందంటే మాత్రం శూన్యం. ఒకరోజు ఆయన వేళ్ళ సందున గుండుసూది దాచుకుని ఆవిడతో చెయ్యి కలిపాడు. చురుక్కుమని గుచ్చుకుంది. ఆవిడ చెయ్యి లాక్కుంది, కాసేపటికి ఆ సంగతే మరిచిపోయింది. తర్వాత ఆయన మళ్ళీ చెయ్యి చాపితే, ఆవిడ చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళిపోయింది. ఎందుకని అడిగితే కారణం చెప్పలేకపోయింది. గట్టిగా అడిగితే, చేతుల్లో సూదులు దాచుకునేవాళ్ళు ఉంటారు కదా అన్న ధోరణిలో ఏదో అంది. తనకే గుచ్చుకుందని మాత్రం తెలీదు.

ఈ సంగతి ఆయన 1911లో ప్రచురించాడు. ఇవాళైతే ఏ ఎథిక్స్ కమిటీ దగ్గరికి తీసుకెళ్ళినా గుమ్మంలోంచే తిప్పి పంపేస్తారు. మంచిదే. కానీ నేను క్లాసులో భయం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఈ సూది దగ్గరే మొదలుపెడతాను. ఆవిడ మనసుకి తెలీనిది ఆవిడ చేతికి తెలుసు. ఈ గంటసేపూ నేను చెప్పబోయేది తిప్పితిప్పి అదే.

ఇప్పుడు నా గొడవ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక రాత్రి నేను ఒక్కణ్ణే లిఫ్టులో ఇరుక్కుపోయాను. రెండు అంతస్తుల మధ్య. కరెంటు పోయింది. ముందు లైటు పోయింది. తర్వాత, పైన తిరుగుతున్న చిన్న ఫ్యాను నెమ్మదించి, టక్, టక్, టక్ మని ఆగింది. అంతే, ఇక చప్పుడు లేదు. ఫోనుకి సిగ్నల్ లేదు. తలుపు బాదాను, అరిచాను. తర్వాత ఎవరో వచ్చి తీశారు. నేను బానే ఉన్నాను, ఇంటికెళ్ళి భోంచేసి పడుకున్నాను కూడా.

రెండు వారాల తర్వాత ఇంట్లో పడక్కుర్చీలో కూచుని పుస్తకం చదువుకుంటున్నాను. కరెంటు పోయింది. సీలింగు ఫ్యాను నెమ్మదించింది. నాకు గుండె దడ, అరచేతుల్లో చెమట, ఊపిరి అందడం లేదు. కిటికీలు తెరిచే ఉన్నాయి, పట్టపగలు, పక్క గదిలో మనుషులున్నారు. ఏమైందో నాకే అర్థం కాలేదు. లిఫ్టు సంగతి తలపుకి రావడానికి అర నిమిషం పట్టింది. చూడండి, ముందు దడ వచ్చింది, తర్వాత జ్ఞాపకం వచ్చింది. లిఫ్టు గుర్తొచ్చి భయపడటం కాదు అది. భయపడ్డాక, ఎందుకబ్బా అని వెతుక్కుంటే లిఫ్టు దొరికింది.

పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే అంటాం కదా. నాకు తాడు ఏమిటయ్యా అంటే, ఆగిపోతున్న ఫ్యాను. ఆ రోజు ఇంట్లో లిఫ్టు తలుపూ లేదు, చీకటీ లేదు. మెదడు ఆ రాత్రి చుట్టూ ఉన్నవాటిలో దేన్ని పట్టుకుంటుందో మనల్ని అడిగి పట్టుకోదు.

మరి ఎక్కడ పట్టుకుంటుంది? కణతల లోపల, చెవులకి కాస్త ముందుగా, రెండు వైపులా ఒక్కో చిన్న ముద్ద ఉంటుంది. బాదంగింజ ఆకారం. గ్రీకులో బాదంకి ఉన్న పేరే పెట్టారు, అమిగ్డలా అని. దాని వెనకాలే హిప్పోకాంపస్, అంటే సముద్రపు గుర్రం. చూడటానికి అలాగే వంకర తిరిగి ఉంటుంది. ఈ రెండూ ఇరుగుపొరుగు. పనులు మాత్రం వేరు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏమైంది అని కథగా చెప్పుకునే జ్ఞాపకానికి హిప్పోకాంపస్ కావాలి. ఈ చప్పుడు వస్తే ఒళ్ళు బిగదీసుకో అన్న పాఠానికి అమిగ్డలా కావాలి.

ఇవి నిజంగా వేరువేరని తేల్చిన ప్రయోగం 1995లో వచ్చింది. అమెరికాలో అయోవాలో ఆంటోయిన్ బెషారా, ఆంటోనియో డమాసియో బృందం చేసింది. ముగ్గురు రోగులు. ఒకరికి రెండువైపులా అమిగ్డలా దెబ్బతింది, ఒకరికి హిప్పోకాంపస్, మూడోవారికి రెండూ. రంగురంగుల స్లైడులు చూపిస్తారు. నీలం స్లైడు వచ్చినప్పుడు ఓడ హారను చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. కాసేపటికి మామూలు మనిషికి నీలం కనబడితే చాలు, హారను మోగకుండానే అరచేతుల్లో సన్నగా చెమట పడుతుంది. మనకి తెలియనంత సన్నగా, యంత్రానికి తెలుస్తుంది. అమిగ్డలా పోయిన మనిషిని అడిగితే, నీలం వస్తే హారను మోగుతుందండీ అని చక్కగా చెప్పేసింది. చెయ్యి మాత్రం పొడిగా ఉంది. హిప్పోకాంపస్ పోయిన మనిషికి చెయ్యి చెమట పట్టింది, ఏ రంగుకి మోగిందో మాత్రం చెప్పలేకపోయాడు. మూడో రోగికి రెండూ లేవు. జెనీవా సూదికి ఎనభై నాలుగేళ్ళ తర్వాత దొరికిన సమాధానం ఇది.

అమిగ్డలాకి వార్త ఎలా చేరుతుందన్నది జోసెఫ్ లెడూ అనే మెదడు శాస్త్రవేత్త 1980లలో ఎలుకల్లో పట్టుకున్నాడు. పద్ధతి చాలా సులువు. ఒక శబ్దం వినిపించి, దాని చివర కాళ్ళకి చిన్న షాకు ఇస్తారు. మర్నాడు ఒట్టి శబ్దం వినగానే ఎలుక కొయ్యబారిపోతుంది. ఊపిరి తీసుకోవడం తప్ప ఇంకే కదలికా ఉండదు. దాన్నే కొలుస్తారు, ఎన్ని సెకన్లు బిక్కచచ్చి ఉందని. శబ్దాన్ని గుర్తుపట్టే పని మెదడు పైపొరలో ఉన్న శ్రవణ కోర్టెక్స్‌ది కదా, దాన్ని తీసేస్తే ఈ భయం నేర్చుకోకూడదు. లెడూ తీసేసి చూశాడు. ఎలుక నేర్చుకుంది! దానికి కింద, చెవీ కన్నూ పంపే వార్తల్ని పైకి అందించే థాలమస్‌లో, శబ్దం వచ్చే భాగాన్ని దెబ్బతీస్తే మాత్రం నేర్చుకోలేదు. అంటే థాలమస్ నుంచి అమిగ్డలాకి ఒక అడ్డదారి ఉందన్నమాట. కోర్టెక్స్ మీదుగా వెళ్ళే దారి చుట్టుదారి, కానీ వివరంగా చూస్తుంది. అడ్డదారి తొందరది, మసకది. అది తాడో పామో తేలకముందే కాలు వెనక్కి పడుతుంది.

ఇక్కడ ఒక మాట. పత్రికల్లో అమిగ్డలాని 'భయకేంద్రం' అని రాస్తుంటారు. లెడూయే ఆ మాట ఇప్పుడు ఒప్పుకోడు. ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని సిద్ధం చేసే యంత్రాంగం వేరు, 'నాకు భయంగా ఉంది' అన్న అనుభవం వేరు అని చాలాకాలంగా వాదిస్తున్నాడు. ఎస్.ఎం. అన్న పొడి అక్షరాలతో వైద్య ప్రపంచానికి తెలిసిన ఒకావిడ ఉంది. అరుదైన జబ్బు వల్ల రెండు అమిగ్డలాలూ పోయాయి. పాములు, సాలీళ్ళు, దయ్యాల ఇల్లు, దేనికీ భయపడలేదు. అలాంటావిడ చేత 2013లో 35 శాతం కార్బన్ డయాక్సైడు కలిపిన గాలి ఒక్క గుక్క పీల్పించారు. ఊపిరాడనట్టు ఉంటుంది, అపాయం లేదు. ఆవిడ హడలిపోయింది! అదే జబ్బున్న ఇంకో ఇద్దరూ అంతే. బయటినుంచి వచ్చే ప్రమాదానికి అమిగ్డలా కావాలి. ఒంట్లోంచే వచ్చే ప్రమాదానికి వేరే దారులున్నాయి. కాబట్టి కేంద్రం, గింద్రం అనకండి.

జ్ఞాపకం భౌతికంగా ఏమిటి అన్నదాన్ని త్వరగా దాటేస్తాను, ఎందుకంటే దానికి ఇంకో గంట కావాలి. రెండు న్యూరాన్లు, అంటే నాడీకణాలు, కలిసే చోటు సైనాప్స్. శబ్దం తెచ్చే తీగా, షాకు తెచ్చే తీగా ఒకే న్యూరాన్ మీద ఒకేసారి వాలితే, శబ్దం తాలూకు సైనాప్స్ గట్టిపడుతుంది. అలా గట్టిపడటాన్ని టిమ్ బ్లిస్, తెర్యే లోమో 1973లో కుందేళ్ళలో చూపించారు, హిప్పోకాంపస్‌లో. గట్టిపడింది గంటలు దాటి నిలవాలంటే కణం కొత్త ప్రొటీన్లు తయారుచెయ్యాలి. ఈ ప్రొటీన్ల మాట గుర్తుపెట్టుకోండి.

పాత నమ్మకం ఏమిటంటే, ఇది సిమెంటులాంటిది. పచ్చిగా ఉన్నప్పుడు వేలు పెడితే గుర్తు పడుతుంది, ఒకసారి ఆరాక ఇక అంతే. దానికి కుదురుకోవడం అని పేరు, కన్సాలిడేషన్. 1968లో కొందరు ఎలుకల్లో అలా కాదని చూపించారు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2000లో కరీం నాదర్, గ్లెన్ షేఫ్, లెడూ కలిసి మళ్ళీ చేశారు. ఎలుకకి శబ్దం, షాకు. మర్నాడు శబ్దం మాత్రం ఒక్కసారి వినిపించారు, గుర్తుచేశారన్నమాట. వెంటనే అమిగ్డలాలోకి ప్రొటీన్ల తయారీని ఆపే మందు, అనైసోమైసిన్, ఎక్కించారు. ఆ మర్నాడు శబ్దం వినిపిస్తే ఎలుక చాలావరకు తన మానాన తను తిరుగుతోంది. మందు ఇచ్చి శబ్దం వినిపించకపోతే? భయం చెక్కుచెదరలేదు. శబ్దం వినిపించిన ఆరు గంటల తర్వాత మందు ఇస్తే? అప్పుడూ చెక్కుచెదరలేదు.

దీని అర్థం ఒకసారి నిదానంగా చూడండి. ఆరిపోయిందనుకున్న సిమెంటు, తలుచుకోగానే మళ్ళీ పచ్చిగా మారింది. మళ్ళీ ఆరడానికి మళ్ళీ ప్రొటీన్లు కావాలి. ఆ కొన్ని గంటలూ అది మారడానికి వీలుగా ఉంటుంది. దీన్ని రీకన్సాలిడేషన్ అంటారు. తెలుగులో నేను 'తిరిగి కుదురుకోవడం' అంటాను.

ఇది ఎలుకల సంగతి అనుకోకండి. లిఫ్టులో ఎంతసేపు ఉన్నానని అడిగితే నేను నలభై నిమిషాలు అని చెప్పేవాణ్ణి. ఏళ్ళతరబడి అలాగే చెప్పాను, కళ్ళు పెద్దవి చేసి. ఆ భవనం సెక్యూరిటీ రిజిస్టరులో, వేరే పని మీద పేజీలు తిప్పుతుంటే, ఆ రాత్రి నమోదు కనబడింది. పద్దెనిమిది నిమిషాలు. నేను అబద్ధం చెప్పలేదు. చెప్పిన ప్రతిసారీ కాస్త పెంచి చెప్పాను, పెంచినదే మళ్ళీ కుదురుకుంది. ఇప్పటికీ నా మనసులో అది నలభయ్యే, రిజిస్టరుది పద్దెనిమిది. జ్ఞాపకాన్నీ రాతనీ పక్కపక్కన పెట్టి చూసే ఈ పనిని ఉల్రిక్ నైసర్ అనే సైకాలజిస్టు పద్ధతిగా చేశాడు. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడే విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ విన్నారో ఎవరు చెప్పారో రాయించి పెట్టుకున్నాడు. రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళలో 44 మందిని మళ్ళీ అడిగితే, 11 మందికి ముఖ్యమైన వివరం ఒక్కటీ కలవలేదు. నమ్మకం మాత్రం గట్టిగానే ఉంది. సొంత చేతిరాత చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

ఇంకా వింతది 2013లో, సుసుము టొనెగావా ప్రయోగశాలలో. ఎలుకని ఒక పెట్టెలో తిప్పారు, ఏ హానీ చెయ్యలేదు. ఆ పెట్టెని గుర్తుపెట్టుకున్న హిప్పోకాంపస్ న్యూరాన్లకి, కాంతి పడితే చురుగ్గా పనిచేసే ఏర్పాటు చేశారు. తర్వాత వేరే పెట్టెలో పెట్టి, కాంతితో మొదటి పెట్టె జ్ఞాపకాన్ని రేపుతూ, కాళ్ళకి షాకు ఇచ్చారు. తిరిగి మొదటి పెట్టెలో వదిలితే, ఏమీ జరగని ఆ చోట ఎలుక కొయ్యబారిపోయింది. జరగనిదానికి భయం. మన ఇళ్ళల్లో ఇది కాంతి అక్కర్లేకుండానే జరుగుతుంటుంది, అది వేరే సంగతి. (నవ్వులు)

సరే, మరి భయం పోగొట్టుకోవడం ఎలా? వందేళ్ళుగా తెలిసిన దారి ఒకటుంది. శబ్దం వినిపించు, షాకు ఇవ్వకు. మళ్ళీ మళ్ళీ. భయం తగ్గుతుంది. పావ్లోవ్ కుక్కలతో చేసినప్పుడే ఇది తెలుసు. ఎక్స్‌పోజర్ థెరపీకి మూలం ఇదే. నేనూ చేశాను. సైకాలజిస్టు స్నేహితుడొకాయన నన్ను మా ఆఫీసు లిఫ్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. మొదటిరోజు తలుపు తెరిచి పట్టుకుని నించోవడమే. తర్వాత ఒక అంతస్తు. తర్వాత ఫ్యాను ఆపేసి. చేతిలో ఫోను పట్టుకుంటే లాక్కున్నాడు, "ఫోను ఉంది కాబట్టి బతికానని నేర్చుకుంటావురా, లిఫ్టులో ఏం కాదని నేర్చుకోవు" అన్నాడు. మూడు వారాల్లో విజిలేసుకుంటూ ఎక్కేవాణ్ణి.

ఆ తర్వాత ఒక బంధువుని చూడటానికి వేరే భవనానికి వెళ్ళాను. లిఫ్టు తలుపు మూసుకుంది. ముచ్చెమటలు పోశాయి. మూడు వారాల కష్టం గంగలో పోసినట్టయింది అనుకున్నాను. కాదు. ఇది జరుగుతుందని ఎలుకల్లో ఎప్పుడో తెలుసు. భయం తగ్గించే పాఠం పాతదాన్ని చెరపదు. పక్కన ఇంకో పాఠం రాస్తుంది. ముందుమెదడు లోపలి భాగం అమిగ్డలాని పట్టి ఆపుతుంది, అంతే. గ్రెగ్ క్వర్క్, మొహమ్మద్ మిలాద్ 2002లో ఎలుకల్లో ఆ న్యూరాన్లు పనిచెయ్యడం చూశారు. పాత పాఠం ఎక్కడికైనా మనతో వస్తుంది. కొత్త పాఠం నేర్చుకున్న చోటుకే అతుక్కుని ఉంటుంది. చోటు మారితే, లేదా కాలం గడిస్తే, లేదా ఇంకో దెబ్బ తగిలితే, పాతది పైకి వస్తుంది. అందుకే ఇప్పుడు తెలిసిన థెరపిస్టులు ఒకే లిఫ్టులో ఇరవైసార్లు ఎక్కించరు. నాలుగైదు రకాల లిఫ్టుల్లో, వేర్వేరు వేళల్లో, ఒకసారి మనిషి తోడుతో, ఒకసారి లేకుండా ఎక్కిస్తారు.

ఇక అందరూ అడిగేది: సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు చెరిపెయ్యకూడదా? ఆమ్‌స్టర్‌డామ్‌లో మెరెల్ కింట్ 2009లో ప్రయత్నించింది. మనుషులకి అనైసోమైసిన్ ఇవ్వలేం, విషం. బీపీకి వాడే ప్రొప్రనొలాల్ 40 మిల్లీగ్రాములు ఇచ్చింది. సాలీడు బొమ్మకి షాకు జతచేసి భయం నేర్పించి, మర్నాడు మందు ఇచ్చి ఒకసారి గుర్తుచేసింది. మూడోరోజు, పెద్ద చప్పుడుకి కనురెప్ప అదిరే తీరు కొలిస్తే, సాలీడు బొమ్మకి ప్రత్యేకంగా ఏ అదురూ లేదు. ఈ బొమ్మ వస్తే షాకు వస్తుందనుకుంటున్నారా అంటే, ఆఁ వస్తుంది అన్నారు! కథ ఉంది, ఒంట్లో భయం లేదు. సూది ఆవిడకి సరిగ్గా తలకిందులు.

వినడానికి ఎంత బావుందో కదా. డానియెలా షిల్లర్ 2010లో మందు కూడా లేకుండా, గుర్తుచేసి పది నిమిషాలు ఆగి ఎక్స్‌పోజర్ ఇస్తే భయం తిరిగి రాలేదని చూపించింది. పత్రికలు 'జ్ఞాపకాలు తుడిచే చికిత్స' అని ఎగిరి గంతేశాయి. తర్వాత ఏమైంది? షిల్లర్ ప్రయోగాన్నే 2020లో వేరేవాళ్ళు ముందుగా పద్ధతి ప్రకటించి మరీ చేస్తే, ఆ ఫలితం రాలేదు. కింట్ సొంత ప్రయోగశాలలోనే 2014లో ఒకసారి ప్రొప్రనొలాల్ పనిచెయ్యలేదు, దాన్ని వాళ్ళే దాచకుండా ప్రచురించారు. నాకు వాళ్ళమీద గౌరవం పెరిగింది అందుకే. గుర్తుచేసినంతమాత్రాన జ్ఞాపకం పచ్చిగా మారదు. అనుకున్నదీ జరిగిందీ వేరైనప్పుడు, అంటే కాస్త ఆశ్చర్యం ఉన్నప్పుడే మారుతుందని వాళ్ళదే 2013 ప్రయోగం ఒకటుంది. ఆశ్చర్యం తక్కువైతే తలుపు తెరుచుకోదు, గుర్తుచెయ్యడం ఎక్కువసేపు సాగితే కొత్త పాఠం మొదలైపోతుంది. ఆ సందు చాలా ఇరుకు, మనిషికీ మనిషికీ మారుతుంది. కాబట్టి ఎవరైనా ఒక్క సిటింగులో మీ భయం తుడిచేస్తామని బోర్డు పెడితే, బోర్డు చదివి ముందుకు నడవండి. ఆ మందు ఇంట్లో ఉంది కదా అని మీరే వేసుకోకండి కూడా. ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రాణంమీదికి తెస్తుంది.

నాది అయిపోయింది. ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: ప్రమాదం జరిగిన వెంటనే మనిషి చేత అంతా చెప్పించేస్తే మంచిదంటారు. నిజమేనా?)

చాలాకాలం అలాగే చేశారండీ. ప్రమాదం జరిగిన కొద్దిరోజుల్లోపే కూర్చోబెట్టి, మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి చెప్పించేసేవారు. ప్రయోగాలన్నీ కలిపి చూస్తే దానివల్ల మేలు కనబడలేదు, కొందరికి చెడు కూడా చేసింది. తనంతట తను చెబితే వినండి. చెప్పనంటే వదిలెయ్యండి. నిద్ర, తిండి, పక్కన తనవాళ్ళు ఉన్నారా అన్నది చూడండి. చాలామందికి వారాల్లో దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఆ దారినే వెళ్ళలేకపోవడం ఉంటే, అప్పుడు తెలిసిన మనిషి దగ్గరికి తీసుకెళ్ళండి.

(ప్రశ్న: ఇవాళ మీరు లిఫ్టులోనే వచ్చారా సార్?)

(నవ్వులు) లిఫ్టులోనే వచ్చానమ్మా. ఎక్కగానే తల పైకెత్తి ఫ్యాను తిరుగుతోందా అని చూశాను. ఈ లిఫ్టులో అసలు ఫ్యానే లేదు.